కమలాబాయి పరుపులు

"గొట్టం చేతిల పట్టుకొని కూసుంటే పొయ్యి దానంతట అదే అంటుకుంటదా?"

పొద్దుటి నుంచి జాన్ బీ ఆ మాట అనడం ఇది రెండోసారి. మొదటిసారి అన్నప్పుడు కోడలు హజీరా కట్టెలు తడిసి ఉన్నాయంది. తడి కట్టెలతోనే తన కాపురమంతా గడిచిందని, అయినా కట్టెలు చూరు కిందికి జరపమని నిన్న మొత్తుకుంటే విన్నవాళ్ళు లేరని అత్తగారు అంది. హజీరా ఊదుగొట్టం పెదవులకు ఆనించుకుని, కళ్ళు మూసుకుని ఊదింది. పొయ్యిలో బూడిద కూడా కదల్లేదు. ఆమె రొమ్ములోంచి సన్నగా పిల్లికూత మాత్రం వినబడింది.

పదహారేళ్ళ బానో వచ్చి తల్లి చేతిలోంచి గొట్టం తీసుకుంది. ఒక్క ఊదుకు నిప్పు కణకణలాడింది.

"పిల్ల ఊదితే అంటుకున్నది. మరి కట్టెలు తడిసినయంటివి" అంది జాన్ బీ.

"అమ్మకు ఊపిరి అందుతలేదు దాదీ. కనబడ్తలేదా నీకు?"

"నోరు జెర సదురుకో. రేపు అత్తగారింట్ల సుత గిట్లనే మాట్లాడ్తవా?"

"ఆడ సుత పొయ్యి నేనే ఊదాలె గద. గొట్టం నోట్లుంటే మాట్లాడెటందుకు జాగేడుంటది?"

ముసలామెకు నవ్వొచ్చింది కాని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హజీరా నవ్వలేదు. పోయిన వానాకాలంలో రెండు మూడు ఊదులకు ఆమె పొయ్యి రాజుకునేది. అంతకు ముందు ఏడు ఒక్క ఊదు చాలేది. ఆ తేడా ఇంట్లో ఎవరూ గమనించలేదు. పొయ్యి వెలిగినంత కాలం ఆడదాని ఊపిరి ఎంత ఉందో ఎవరు చూస్తారు?

వాళ్ళది సికింద్రాబాద్‌లో మోండా మార్కెట్ వెనక సందులో దూదేకులవాళ్ళ ఇల్లు. జాన్ బీ భర్త చాంద్‌పాషా బతికున్న రోజుల్లో దండు బంగళాల పరుపులు మొదలుకొని పేదింటి పెండ్లి రజాయి దాకా అతని దూది ఏకే విల్లు కిందికి రానిది లేదు. ఇప్పుడు ఆ విల్లు కొడుకు మౌలాలి భుజానికి ఎక్కింది. వానలు తగ్గి ఎండ పొడిచిందంటే చాలు, సికింద్రాబాద్ లష్కర్ గల్లీల్లో అతని కేక వినబడుతుంది. "పరుపు విప్పుండ్రి, దూది ఏకించుండ్రి! ఎండ చూడని పరుపు పీనుగ లెక్క!" ఆ మాట తండ్రిది. తండ్రికి అతని తండ్రి ఇచ్చిపోయింది.

కొన్నేళ్ళ కింద హజీరాకు ఉబ్బసం దమ్ము మొదలైనప్పుడు అందరూ దూదినే తప్పుపట్టారు. దూదేకులవాళ్ళ ఇంట్లో దగ్గు వస్తే ఇంకేం అనుకుంటారు? మౌలాలి విల్లునూ దూది మూటలనూ బోయిగూడ దగ్గర ఒక రేకుల కొట్టంలోకి మార్చాడు. ఇంట్లో ఒక్క పోగు కూడా ఎగరకుండా జాన్ బీ రోజూ రెండుసార్లు ఊడ్చేది. మంత్రించిన నీళ్ళు తాగించింది, మిరియాల కషాయం కాచింది, పెరుగు మాన్పించింది. అత్తగారు కఠినురాలే కాని కోడలి మీద ద్వేషం ఉన్న మనిషి కాదు. అయినా ప్రతి వానాకాలం దమ్ము అంతకు ముందు కన్నా ముందే వచ్చి, ఆలస్యంగా పోయేది. ఈమధ్య పూర్తిగా పోవడం కూడా మానేసింది.

ఆ ఇంట్లో ముందుగది, నడిమిగది, వెనక గది ఉన్నాయి. ముందుగదిలో నాయనమ్మా మనవరాలూ పడుకుంటారు. నడిమిగదిలో మౌలాలీ హజీరా. వాళ్ళ మంచం వెనక గది గోడకు ఆనుకుని ఉంటుంది. వెనక గదికి తాళం. తాళం మీద లక్క. లక్క మీద కమలాబాయి ఉంగరం ముద్ర.

కమలాబాయిది పక్కిల్లు. భర్త తుకారాం మార్కెట్లో దారాలు అమ్మేవాడు. పోలీసు చర్యకు ముందటి ఎండాకాలంలో, చీకటి పడకముందే సందులో తలుపులన్నీ మూసుకునే రోజుల్లో, రజాకార్ల భయానికి వాళ్ళు నాగపూర్ వెళ్ళిపోయారు. వెళ్ళేముందు కమలాబాయి తన పెండ్లి పరుపులు, రజాయిలు, ఇత్తడి సామాను, సందుగులు జాన్ బీ వెనక గదిలో పెట్టించింది. ఇద్దరూ ఒకే బావి నీళ్ళు తోడుకుంటూ కాపురాలు మొదలుపెట్టినవాళ్ళు. "నువ్వొచ్చేదాక ఈ తలుపు మీద మా చెయ్యి పడదు" అని జాన్ బీ ఖురాను మీద చేయి పెట్టి చెప్పింది. కమలాబాయి ఏడుస్తూనే లక్క కరిగించింది. "నిన్ను నమ్మక కాదు అక్కా. రేపు నిన్నెవరన్నా అడిగితే చూపెట్టెటందుకు" అంది.

అడిగే రోజు రానే వచ్చింది. భారత సైన్యం వచ్చి, నిజాం లొంగిపోయాక, కొన్నాళ్ళు ఆ సందులో గాలి తిరగబడింది. ఊరు విడిచి పారిపోయినవాళ్ళ సొత్తు ఏ తురకల ఇంట్లో దాగుందో చూస్తామని కొందరు మనుషులు గుంపుగా వచ్చారు. మూలమలుపు ఇంట్లో ఎవరిదో ఇత్తడి బిందె దొరికింది. ఆ ఇంటాయన్ను తీసుకుపోయారు. అతను మళ్ళీ ఆ సందులోకి రాలేదు. జాన్ బీ ఇంట్లో వెనక గది ముందు వాళ్ళు ఆగారు. ఒకడు దీపం దగ్గరికి పెట్టి లక్కను గోటితో గీకి చూశాడు. ఎదురింటి లచ్చమ్మ నడుముకు కొంగు చుట్టుకుని గడప దాటి వచ్చి, "అది కమలాబాయి ముద్రనే. నా కండ్ల ముందర ఏసింది" అంది. వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి ఆ లక్క ముక్క ఆ ఇంటికి తాయెత్తయింది. ప్రతి శుక్రవారం, జుమ్మాకు, జాన్ బీ ఆ తలుపు ముందు సాంబ్రాణి వేసి, ముద్రను కళ్ళతో తడిమి చూసుకునేది. ఏళ్ళు గడిచాయి. పక్కింట్లో కొత్తవాళ్ళు దిగి, వాననీళ్ళ తూము ఈ వెనక గది గోడవైపు తిప్పుకున్నారు. కమలాబాయి నాగపూర్‌లో ఉందని ఒకరు, షోలాపూర్ వెళ్ళిందని ఒకరు, పోయిందని ఒకరు అన్నారు. జాన్ బీ ఎవరినీ గుచ్చి అడగలేదు. వెనక గదిలో మొదట్లో ఎలుకల చప్పుడు వినబడేది. తర్వాత అది కూడా ఆగిపోయింది.

హజీరా ఈ ఏటి వానాకాలం మొదట్లో అక్క ఇంటికి మల్కాజ్‌గిరి వెళ్ళింది. అక్క కూతురి పెండ్లి. ఆ అక్కనిచ్చింది కూడా దూదేకుల ఇంటికే. పెండ్లి రజాయిల కోసం ఇల్లంతా దూది. తలుపులకు, తలవెంట్రుకలకు, అన్నం కంచాలకు దూది. అక్కడా కట్టెల పొయ్యే, అక్కడా ముసురే. హజీరా ఆ దూదిలో కూర్చుని రజాయిలు కుట్టింది, ఆడవాళ్ళతో కలిసి పాటలు పాడింది, పొయ్యి ఊదింది. ఒక్కరోజు కూడా పిల్లికూత రాలేదు. ఇంటికి తిరిగొచ్చిన మర్నాడే గొంతులో గరగర మొదలైంది. మౌలాలితో ఆ మాట చెబితే, పెండ్లి సంబురంలో బీమారి మర్చిపోయి ఉంటావని నవ్వి ఊరుకున్నాడు. నవ్వేటప్పుడు అతని చూపు వెనక గది తలుపు మీదికి పోయి వచ్చింది.

పొయ్యి దగ్గర గొడవ జరిగిన రోజే, మధ్యాహ్నం ముసురు దట్టమైన వేళ, హజీరాకు దమ్ము ఎగదన్నింది. మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని ముందుకు వంగి కూర్చుంది. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. నీళ్ళు తాగబోతే గుక్క దిగలేదు. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగేసరికి బానో వానలో చెప్పులు లేకుండా పరుగెత్తి తండ్రిని పిలిచింది, అతను డాక్టరు జకర్యాను తీసుకొచ్చాడు.

డాక్టరు సూది వేసి, మందు పట్టేదాకా పక్కనే కూర్చున్నాడు. ఎప్పటి నుంచి, ఏ కాలంలో, ఎక్కడ ఉన్నప్పుడు అని ఒక్కొక్కటే అడిగాడు. హజీరా మాటకూ మాటకూ మధ్య ఆగుతూ మల్కాజ్‌గిరి సంగతి చెప్పింది. మౌలాలి నవ్వేసిన ఆ సంగతిని ఆయన రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత లేచి, మంచం తలాపున చలి తగలకుండా వేలాడదీసిన గోనెపట్టాను పక్కకు లాగాడు.

గోడ నల్లగా ఉంది. నేల దగ్గర మొదలైన నలుపు, మంచం ఎత్తు దాటి, దిండు ఎత్తు దాటి, చెట్టు కొమ్మల్లా పైకి పాకింది. దాని మీద సన్నని బూడిదరంగు నూగు. డాక్టరు వేలితో తాకగానే ఆ నూగు పొగలా లేచింది.

"ఈ గోడ అవతల ఏముంది?"

బానో అంది, "పరుపులున్నయ్."

"ఎప్పుడు తెరిచారు?"

"తెరువలే."

ఆయన ముఖం మారింది. కొందరి ఊపిరితిత్తులకు బూజు పొడి పడదని, అది కంటికి కనబడకుండా గాలిలో తేలుతుందని, తలుపు సందుల్లోంచి, గోడ పగుళ్ళలోంచి ఇల్లంతా తిరుగుతుందని నెమ్మదిగా చెప్పాడు. మంచం జరిపితే చాలదన్నాడు. తర్వాత కొవ్వొత్తి అడిగి వెలిగించి, చేయి చాచినంత దూరంలో పట్టుకుని హజీరాను ఊదమన్నాడు. మంట నిటారుగా నిలబడింది. దగ్గరికి తెచ్చాడు. కొంచెం వణికింది. ఇంకా దగ్గరికి తెచ్చాడు. దాదాపు ఆమె ముక్కు దగ్గరికి వచ్చాక గాని అది ఆరలేదు.

"ఈమె వయసెంత?"

"ముప్పై ఆరు" అన్నాడు మౌలాలి.

"ఊపిరికి అరవై దాటింది."

హజీరా ఆ మాటకు భయపడలేదు. ఎప్పటి నుంచో తెలిసిన మాటలా విన్నది. "పోయింది మల్ల వస్తదా డాక్టర్ సాబ్?" అని అడిగింది.

"కొంత వస్తుంది. కొంత రాదు. ప్రతి వానాకాలం కొంచెం కొంచెం మిగలకుండా పోతోంది. ఇంకా కొన్నేళ్ళు ఈ గోడ పక్కనే పడుకుంటే, ఈ ప్రశ్న అడగడానికి కూడా మీకు ఊపిరి ఉండదమ్మా."

పోతూపోతూ గుమ్మంలో ఆగి, ఇంట్లో పొగ వద్దన్నాడు. బీడీ పొగ, సాంబ్రాణి పొగ, ఏదైనా సరే. ఆ గది తెరిచే రోజు మాత్రం ఆమెను ఈ ఇంట్లో ఉంచొద్దన్నాడు. తెరుస్తారా అని ఆయన అడగలేదు.

డాక్టరు వెళ్ళాక మౌలాలి వానాకాలమంతా హజీరాను మల్కాజ్‌గిరిలో ఉంచుదామన్నాడు.

"ఏటేటా?" అంది హజీరా. "బానో పెండ్లి సుత నేను ఆడికెల్లే చూడాల్నా?"

"మరేం జెయ్యమంటవ్? ఆ ముద్ర పగిలిందంటే ఎవనికేం చెప్పుకుంటం? పారిపోయినోళ్ళ సొమ్ము తిన్నరంటరు. మూల ఇంటాయన యాదికున్నడా లేడా?"

"యాదికున్నడు. ఆయన కోసం నేను సుత ఏడ్చిన. గని నేను పోతే ఏ గుంపు వచ్చి తీసుకపోయిందని చెప్తవు?"

హజీరా అత్తగారి వైపు తిరిగింది.

"అత్తమ్మా, ఆ తలుపు తెరువు."

జాన్ బీ జపమాల పక్కన పెట్టింది. ఆమె గొంతు పెంచలేదు. "అది అమానత్, ఆమె నమ్మి అప్పజెప్పిన సొమ్ము. ఆమె వచ్చేదాక చెయ్యి పడదని ఖురాను మీద చెప్పిన. నువ్వు మందు తాగు, దువా చేస్త, గోడకు సున్నం ఏపిస్త. గది మాట ఎత్తకు."

"ఆమె రాకుంటే?"

"వస్తది."

"చచ్చిపోయిందంటున్నరు."

"ఎవడు చూసిండు?" అంటూ ముసలామె జపమాల మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "చూసొచ్చినోడు ఎవడన్నా ఉన్నడా?"

హజీరా కొంతసేపు ఊపిరి కూడదీసుకుంది. తర్వాత ఒక్కో ముక్కా ఆపి ఆపి అంది. "నీ కొడుకు ఊరంత తిరిగి పరుపులు విప్పుండ్రి, విప్పుండ్రి అని ఒర్లుతడు. ఎండ చూడని పరుపు పీనుగ అని మామ చెప్పేటోడు. మరి మన ఇంట్ల... ఇన్ని వానలు... ఆ పీనుగలను లోపట పెట్టి తాళమేసుకున్నం. దానికి సాంబ్రాణి సుత ఏస్తున్నం. మనం దూదేకులోళ్ళమేనా అత్తమ్మా?"

జాన్ బీ లేచింది. "చచ్చిపోయినోడి మాటలు నా మీదికి విసరకు" అని చెప్పి ముందుగదిలోకి వెళ్ళి నమాజుకు నిలబడింది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. అత్తాకోడళ్ళ మధ్య ఆ తర్వాత మాటల్లేవు. మందు గిన్నె మాత్రం వేళకు మంచం దగ్గరికి వచ్చేది, దాన్ని పెట్టి వెళ్ళే చేయి జాన్ బీదే.

జుమ్మా వచ్చింది. అలవాటు కొద్దీ జాన్ బీ నిప్పుల గిన్నె తీసింది. డాక్టరు మాట గుర్తొచ్చి మళ్ళీ కింద పెట్టింది. ఖాళీ చేతులతోనే వెనక గది తలుపు ముందుకు వెళ్ళింది. ముద్ర చూసుకుంది. లక్క మెరుస్తోంది. కమలాబాయి ఉంగరం మీది పువ్వు రేకుతో సహా అలాగే ఉంది. జాన్ బీ మనసు కుదుటపడింది. వెనక్కి తిరగబోయి, ఆగింది.

ఏళ్ళ తరబడి సాంబ్రాణి పొగ కింద అణిగి ఉన్న వాసన ఆ రోజు తలుపు సందులోంచి ఒంటరిగా బయటికి వచ్చింది.

దూదేకుల ఇంట్లో పుట్టి, దూదేకుల ఇంటికి వచ్చిన మనిషి. కళ్ళు మూసుకుని వాసన పట్టి కొత్త దూదేదో పాత దూదేదో చెప్పగలదు. రోగి పడుకున్న పరుపేదో, పసిపిల్లలు తడిపిన పరుపేదో చెప్పగలదు. ఆమె మోకాళ్ళ మీద వంగి, గడప దగ్గర సందుకు ముఖం ఆనించింది. అది పరుపు వాసన కాదు. తడి మట్టి వాసన. కొత్తగా తవ్విన గుంత వాసన. లోపల దూది అనేది మిగల్లేదని ఆమెకు ఆ ఒక్క పీల్పుతో తెలిసిపోయింది.

ఆ పరుపులకు దూది ఏకింది చాంద్‌పాషా. కమలాబాయి కొత్త కోడలిగా ఆ సందులోకి వచ్చిన ఏడు అది. అంచులు కుట్టింది జాన్ బీ. ఒక మూల కుట్టు వంకరపోతే కమలాబాయి నవ్వి, ఉండనియ్యి అక్కా, నువ్వు కుట్టినవని గుర్తుంటది అంది. ఆ మూల ఇప్పుడు లోపల ఎలా ఉందో. చేయి పడకూడదని ఒట్టు వేసింది. చేయి పడకుండానే అది చచ్చిపోయింది. అది చస్తూ చస్తూ గోడ అవతల పడుకున్న కోడలు పిల్లను కూడా కొంచెం కొంచెంగా తీసుకుపోతోంది. గుంపులో వచ్చినవాడు లక్క మీద గీసిన గోటి గీత ఇంకా కనబడుతోంది. ఆ ముద్ర తన ఇంటిని కాపాడింది, నిజమే. కాని కమలాబాయి అప్పగించింది ముద్రను కాదు.

బానో నీళ్ళ బిందెతో వచ్చేసరికి నాయనమ్మ గడప మీద నుదురు ఆనించి ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. బానో పలకరించకుండా బిందె దించి, వెళ్ళి పక్కన కూర్చుంది. కాసేపటికి జాన్ బీ ముఖం తుడుచుకుని లేచి, కొడుకుతో చెప్పకుండా, చినుకుల్లోనే ఎదురింటి లచ్చమ్మ దగ్గరికి వెళ్ళింది.

సాయంత్రానికి వాన వెలిసింది. పడమట మబ్బు విచ్చి ఎర్రని వెలుగు ముందుగదిలో పడింది. భోజనానికి దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి అందరినీ పిలిచింది జాన్ బీ. హజీరా రాలేనంటే వెళ్ళి తానే చేయి పట్టి నడిపించుకొచ్చి, గోడకు దిండు వేసి కూర్చోబెట్టింది. మొదటి రొట్టె ఆమె కంచంలోనే వేసింది. మౌలాలి అది చూశాడు.

"పొద్దుగాల హజీరాను మల్కాజ్‌గిరిల దించి రా" అంది జాన్ బీ కొడుకుతో. "తలుపు తీసేటప్పుడు ఆమె ఈడ ఉండొద్దు."

మౌలాలి తుంచిన రొట్టెముక్క కంచంలో పెట్టేశాడు. "అమ్మా..."

"లచ్చమ్మను రమ్మన్న. ముద్ర ఏసినప్పుడు చూసిన మనిషే తీసినప్పుడు సుత చూస్తది. తీసేది నేను. మాటిచ్చింది నేను. పాపమైతే అది సుత నాదే."

"గల్లీల ఏమంటరో..."

"అననియ్యి. అన్నీ వాకిట్లనే పెడ్త. ఇత్తడి ఉన్నది, సందుగులున్నయ్, లెక్క చూసుకోమని చెప్త. పోయింది పోయిందనే చెప్త."

"కమలాబాయి వస్తే ఏం చెప్తవ్ దాదీ?" అంది బానో.

"ఆమె వచ్చుడు లేదు. నేనే పోత. కాజీపేటల బండి మారితే నాగపూర్. ఉంటే ఆమె ముంగట కూసుంట. లేకుంటే ఆమె పిల్లల ముంగట." కొంచెం ఆగి అంది, "ఇన్నేండ్లు ఏం వినాల్సి వస్తదోనని పోలే."

రేపు ఆ తలుపు వెనక నుంచి ఏం బయటికి వస్తుందో, వీధి దాన్ని చూసి ఏమంటుందో, నాగపూర్‌లో ఏ ఇంటి ముందు ఏ మాట వినాలో ఆ నలుగురిలో ఎవరికీ తెలియదు. హజీరా రొమ్ములో పిల్లికూత స్పష్టంగా వినబడింది. జాన్ బీ చేయి చాచి కోడలి వీపు మీద పెట్టింది. ఆ కూత తన అరచేతికి తగులుతోంది. ఇన్నేళ్ళలో ఆమె దాన్ని అలా తాకి చూడడం అదే మొదలు. హజీరా కళ్ళలో నీళ్ళు తిరిగి రొట్టె మీద పడ్డాయి.

"తిను బిడ్డా" అని, జాన్ బీ మిగతావాళ్ళ వైపు తిరిగి, రేపటి వంట సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. "ఎండ కొట్టేటట్టున్నది. పొద్దుగాల కమలాబాయి పరుపులు ఎండకు పెడ్తున్న."